ఐదు వోల్టుల మహాసంగ్రామం

ప్రబంధమన్నాక పురవర్ణనతో ఎత్తుకోవాలి. నిజాంపేట రోడ్డు మీంచి లోపలికి తిరిగి, కర్రీ పాయింటు దాటి, టిఫిన్ బండి దగ్గర కుడికి మళ్లితే అయిదంతస్తుల పురమొకటి అగుపించును. పూర్వకవులైతే ఆ సౌధాగ్రములు చంద్రమండలమును ఒరసికొనుచున్నవని రాసేవారు. ఇక్కడ ఆకాశాన్ని ఒరుసుకునేవి డిష్‌ల గొడుగులు, సోలార్ హీటర్ల గొట్టాలు, ముగ్గురు ఇంటర్నెట్ వాళ్లు ఒకరి మీదొకరు అల్లిపోయిన నల్లతీగెలు. అగడ్త లేదనుకునేరు, వానాకాలంలో సెల్లారే అగడ్త. మొసళ్ల లోటు దోమలు తీరుస్తాయి. జయవిజయులలో ఒక్కడే వాకిట ఉన్నాడు. రెండోవాడి జీతానికి మెయింటెనెన్సు కమిటీ ఒప్పుకోలేదు.

సభామంటపం బిల్డరు బ్రోచరులో ఉంది, నేలమీద లేదు. అందుచేత సభ ఫోనులోనే కూడుతుంది. లిఫ్టు ఆగినా, నీళ్ల ట్యాంకరు రాకపోయినా, పక్కింటి కుక్క మొరిగినా ఆ వాట్సాప్ గ్రూపే రచ్చబండ. సభాసదుల విశేషమేమంటే ఒకరినొకరు ఎరగరు. లిఫ్టులో ఎదురుపడితే ఇద్దరూ తలలెత్తి అంతస్తుల అంకెల వంక భక్తిగా చూస్తారు. పేర్లతో పనిలేదు, ఫ్లాటు నంబర్లే నామధేయాలు. ఫోనులో సేవ్ చేసుకున్నది కూడా ‘సీ 101 బాత్రూమ్ లీకేజీ’ అనే. ఇలాంటి అపరిచితులు రాత్రి తొమ్మిదయ్యేసరికి ఒకరి చదువును మరొకరు తూర్పారబట్టేంత ఆత్మీయులైపోతారు.

ఇక వీరుల పరిచయం. ఒక సేనకు నాయకుడు బీ-304. డీపీలో గులాబీ, గులాబీ కింద శుభోదయం, శుభోదయం కింద వివేకానందుడు అనని మాట. ఆయన వదిలే ప్రతి ఫార్వర్డు నెత్తిన జంటబాణాల ముద్ర ఉంటుంది. ఈ కబురు అప్పటికే లెక్కలేనన్ని గ్రూపులను దున్నుకుని వచ్చిందని వాట్సాప్ వాడు కొట్టే ముద్ర అది. వాడు దాన్ని హెచ్చరికగా కొడితే ఈయన బిరుదుగా ధరిస్తారు.

ఎదుటి సేనకు సీ-101, సాఫ్ట్‌వేర్ బాలుడు. వయసు అభిమన్యుడిది. లింకు పట్టుకుని పద్మవ్యూహంలోకి దూరడమే తెలుసు, బయటికి రావడం తెలియదు. ‘సోర్స్ ప్లీజ్ సార్’ అన్నది ఆ బాలుడి శంఖం.

ఏ-502లో భీష్మాచార్యులు. విద్యుత్ శాఖలో ఏఈగా చేరి డీఈగా దిగిపోయిన పెద్దాయన. భీష్ముడిలాగే అసలు సంగతి ఆయనకు తెలుసు. భీష్ముడిలాగే అడిగితే తప్ప చెప్పరు, అడిగితే ముందుగా తన సర్వీసు చెబుతారు. ఏ సబ్‌స్టేషనులో ఎన్నాళ్లు, ఏ ట్రాన్స్‌ఫార్మరు ఎవరి హయాంలో పేలింది, ఏ ఎస్‌ఈ ఎలా మెచ్చుకున్నాడు, ఇవన్నీ అయ్యేసరికి అడిగినవాడు నిద్రపోతాడు.

ఏ-204 ఓనరు డల్లాసులో ఉంటారు. ఫ్లాటు అద్దెకిచ్చారు గాని గ్రూపును అద్దెకివ్వలేదు. మనకు చీకటిపడ్డాక ఆయనకు తెల్లవారుతుంది. చీకటిలో బలం రెట్టింపవడం ఘటోత్కచుడి లక్షణం. కౌరవులూ పాండవులూ అలసి చార్జరు వెతుక్కునే వేళకు, అమెరికా నుంచి కాఫీ కప్పుతో ఆ మహాకాయుడు దిగుతాడు: “మా దగ్గర 120 వోల్టులే సార్. ఇండియాలో 230 అసలెందుకండీ?”

వీళ్లు కాక సీ-203లో ఒక మామ్మగారు. టైపు చేయడం చేతగాక వాయిస్ మెసేజీలు పెడతారు. వాటిని ఎవరూ వినరు.

ఈ మహాసేనల నడుమ వైరానికి కారణం రాజ్యం కాదు, ద్రౌపది కాదు. అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లాస్టిక్ పెట్టె. దాని ప్రతాపం వినండి. గోడలో కాపురముండేది 230 వోల్టుల మహోగ్ర ప్రవాహం, సెకనుకు 50 మార్లు తాండవమాడే శక్తి. దాన్ని రెండు కొమ్ములతో ఒడిసిపట్టి, భగీరథుడి గంగను జటలో బిగించిన శివుడిలాగా తన పొట్టలో బంధించి, ఐదు వోల్టుల సన్నధారగా తోకలోంచి జారవిడుస్తుంది. ఫాస్ట్ చార్జింగైతే తొమ్మిదో, ఇరవయ్యో. ఇంత ఘనకార్యం చేసి కూడా కాస్త వెచ్చబడుతుందే తప్ప ‘నా సర్వీసు పాతికేళ్లు’ అనదు.

తొలి బాణం బీ-304 వేశారు. రాత్రి ఫోను చార్జింగులో పెట్టి నిద్రపోయేవారికి తీవ్ర హెచ్చరిక, తప్పక చదవండి, పది గ్రూపులకు పంపండి. కింద కాలిన దుప్పటి ఫొటో. ఆ దుప్పటి ఏ ఊరిదో, ఏ ఏడు కాలిందో, దేనివల్ల కాలిందో దుప్పటికే తెలియాలి. సీ-101 శంఖం పూరించాడు. క్షణంలో గ్రూపు రెండు పాళ్లయింది. పడుకునేముందు ప్లగ్గు పీకేవాళ్లంతా ఒకవైపు, పొద్దున్న నూరు శాతం చూసుకుని మురిసేవాళ్లంతా ఒకవైపు.

సరిగ్గా అప్పుడే మామ్మగారి వాయిస్ మెసేజీ పడింది. కవి సర్వజ్ఞుడు గనుక విన్నాడు. “నాయనా, మా వాషింగ్ మెషిను ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. చెప్పులేసుకుంటే బాగానే ఉంది గానీ తడికాళ్లతో ఉంటే మరీను. ఎవరన్నా ఒకసారి వచ్చి చూస్తారా బాబూ?” దానికి రెండు బొటనవేళ్లు, ఒక నమస్కారం వచ్చాయి. వినకుండానే వచ్చాయి. తరువాత యుద్ధం దాన్ని పైకి నెట్టేసింది.

సీ-101 బ్యాటరీ పురాణం విప్పాడు. బాలుడైనా బాగా చెప్పాడు, కాదనలేను. లిథియం అయాన్ సెల్లూ ఒక పురమే. ఒకవైపు గ్రాఫైటు పేట, మరొకవైపు లోహపు ఆక్సైడు పేట, నడుమ వెంట్రుక కన్నా పల్చని పొర ప్రాకారం. చార్జింగు వేళ లిథియం అయాన్లన్నీ గ్రాఫైటు పేటకు వలసపోతాయి, వాడుతుంటే ఇంటిదారి పడతాయి, సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయినట్టు. సోనీ వాళ్లు 1991లో దీన్ని అమ్మకానికి పెట్టారు. దీని వెనకున్న ముగ్గురు, గూడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో, 2019లో నోబెల్ అందుకున్నారు. గూడెనఫ్‌కు అప్పటికి 97 ఏళ్లు. సెల్లు సుమారు 4.2 వోల్టులు చేరేసరికి లోపలి చిప్పు ప్రవాహాన్ని సన్నగించి ఆపేస్తుంది. తెల్లార్లూ వైరు తగిలించి ఉన్నంత మాత్రాన తెల్లార్లూ కరెంటు ఎక్కదు.

“మరి నోట్ సెవెన్ ఎందుకు పేలింది బ్రదర్?” అన్నారు బీ-304.

బ్రదర్ అన్నారంటే కోపం వచ్చిందని అర్థం. మన గ్రూపుల్లో కోపానికి కొలబద్ద తిట్టు కాదు, మర్యాద. మామూలుగా ఉన్నప్పుడు పేరో నంబరో పెడతారు. కాస్త వేడెక్కితే సార్. మరిగితే బ్రదర్. ఇక ‘తమరు పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ని కాను’ అని రాశారంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

నోట్ 7 సంగతి నిజమే. 2016 ఆగస్టులో సామ్‌సంగ్ వాళ్లు విడుదల చేశారు, సెప్టెంబరులో వెనక్కి పిలిచారు, మార్చి ఇచ్చినవీ కాలడంతో అక్టోబరులో ఆ మోడలుకే మంగళం పాడారు. విమానాల్లోకి రానివ్వలేదు. 2017 జనవరిలో కంపెనీయే కారణం చెప్పింది. సెల్లులు రెండు చోట్ల నుంచి తెప్పించుకుంటే, ఒకరి సెల్లులో మూల నొక్కుకుపోయి లోపలి పొర వంగింది, రెండోవారి దానిలో వెల్డింగు ముళ్లు పొరను చీల్చాయి. ప్రాకారం పగిలి రెండు పేటలూ ఒకటైతే మిగిలేది లంకాదహనమే. తప్పు రాత్రిది కాదు, ప్రాకారానిది.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే బీ-304 చేతిలో కూడా సగం నిజం ఉంది. నూరు శాతం దగ్గర గంటల తరబడి నిలబెడితే సెల్లు త్వరగా ముసలిదవుతుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా. దిండు కింద ఫోను పెట్టి చార్జి చేయడం బుద్ధితక్కువే. అందుకే ఇప్పటి ఫోన్లలో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటోంది. కానీ అర్ధరాజ్యం పుచ్చుకోవడానికి ఇక్కడ ఎవరూ ధర్మరాజు కాదు. బీ-304 వారికి మొత్తం ఫోన్లన్నీ పేలాలి, ఈ బాలుడికి ఒక్కటీ వెచ్చబడకూడదు.

అస్త్రవర్ణన లేకపోతే యుద్ధకాండకు రుచి ఉండదు. ‘నాసా శాస్త్రవేత్తలు తేల్చారు’ అన్నది బ్రహ్మాస్త్రం. దీన్ని సంధించినవాడికి నాసా ఎక్కడుందో తెలియనక్కర్లేదు. ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమిని రాసుకుంటూ పోతాయి, ఫోన్లు దూరంగా పెట్టండి అనే ఫార్వర్డు ఏళ్ల తరబడి ఇలాగే తిరుగుతోంది. ఏ తేదీ నాడో ఉండదు, ఎప్పుడు చదివినా ‘ఈ రాత్రే’. స్క్రీన్‌షాటు నాగాస్త్రం, ఎప్పుడో అన్న మాటను పుట్టలోంచి లాగుతుంది. అశ్వత్థామకు అస్త్రం వేయడం తెలుసు గాని ఉపసంహారం తెలియదు. మన వీరులకు వాట్సాప్ వాడు ఆ విద్య కూడా ఇచ్చాడు, అందరికీ డిలీట్ అయ్యేట్టు రెండు రోజులు దాటిన గడువుతో. అయినా ‘ఈ సందేశం తొలగించబడింది’ అన్న బూడిదరంగు మరక మిగులుతుంది. అసలు మాట కన్నా దాని గురించే ఎక్కువ చర్చ.

ఉపాఖ్యానం లేని పర్వమూ ఉండదు గనుక ఒకటి. కరెంటు ప్రమాదం మీద ముక్కూమొహం తెలియనివాళ్లు తన్నుకోవడం మనతో పుట్టలేదు. 1880లలో అమెరికాలో ఎడిసన్ పక్షం డీసీ, వెస్టింగ్‌హౌస్ పక్షం ఏసీ. హెరాల్డ్ బ్రౌన్ అని న్యూయార్కులో ఒక ఇంజనీరు ఉండేవాడు. ఏసీ ప్రాణాంతకమని పత్రికకు ఉత్తరం రాయడంతో మొదలుపెట్టి, 1888లో జనం ముందు కుక్కలకు షాకులిచ్చి చంపి నిరూపించాడు. అంతటితో ఆగక వెస్టింగ్‌హౌస్‌కు ద్వంద్వయుద్ధం ప్రకటించాడు. మీరు ఏసీ పట్టుకోండి, నేను డీసీ పట్టుకుంటాను, వోల్టులు పెంచుకుంటూ పోదాం, ముందు కేక పెట్టినవాడు ఓడినట్టు. వెస్టింగ్‌హౌస్ రాలేదు. 1890లో ఆబర్న్ జైల్లో తొలి విద్యుత్ కుర్చీని వెస్టింగ్‌హౌస్ తయారీ ఏసీ జనరేటరుతోనే నడిపారు, అంత పట్టుదల. చివరకు ప్రపంచమంతా ఏసీయే పరుచుకుంది. మన గోడలో ఉన్నది అదే, మన ఫోను తాగేది మాత్రం డీసీ. ఇద్దరినీ రాజీచేస్తూ మధ్యలో ఆ తెల్లపెట్టె. ఈ కథను సీ-101 గ్రూపులో పెట్టాడు. దానికి వచ్చిన ఏకైక జవాబు, “ఎడిసన్ బల్బు కనిపెట్టలేదు, అది మన ఋషులకే తెలుసు.”

రెండో రాత్రి యుద్ధం చార్జరును వదిలి కిరణాలకెక్కింది. టెర్రస్ మీద టవరు పెట్టనిస్తే అద్దె వస్తుందన్నారు ఎవరో. ఇంకేం. ప్రపంచ ఆరోగ్య సంస్థే క్యాన్సరన్నది అంటూ బీ-304 విరుచుకుపడ్డారు. 2011లో ఆ సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం రేడియో తరంగాలను 2బి అనే జాబితాలో చేర్చిన మాట వాస్తవం. క్యాన్సరు కలిగించవచ్చునేమో, రుజువు చాలలేదు అని ఆ జాబితా తాత్పర్యం. అదే జాబితాలో ఆసియా సంప్రదాయపు ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నాయి. సీ-101 ఈ ముక్క బయటపెట్టగానే గ్రూపు ఒక్కసారి స్తంభించింది. టవరు పోతే పోయింది, ఆవకాయ జోలికొచ్చాడు! అది చైనా, కొరియాల వైపు పులియబెట్టే రకాల గురించి, మన జాడీలకు సంబంధం లేదని వాడు ఎంత మొత్తుకున్నా వినిపించుకునే నాథుడు లేడు. అప్పటిదాకా బాలుడి వైపున్న ఇద్దరు గుంటూరు వాళ్లు ఆ క్షణమే పక్షం మార్చారు. టవర్ల తరంగాలకు మనదేశం 2012లోనే అంతర్జాతీయ పరిమితిలో పదోవంతు హద్దు పెట్టిందనీ, ఫోన్లకు కిలోకు 1.6 వాట్లు మించరాదన్న నియమం ఉందనీ ఆ తరువాత రాశాడు పాపం. ఆవకాయ తరువాత ఏ సంఖ్యా నిలవదు.

పెట్రోలు బంకులో ఫోను ముచ్చట కూడా వచ్చింది. ఫోను వాడరాదని బోర్డు, ఆ బోర్డు పక్కనే ఫోనుతో స్కాన్ చేయమని క్యూఆర్ కోడు. దేశంలో ఏ బంకుకు వెళ్లినా ఈ అద్వైతం దర్శనమిస్తుంది. తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పాతిపెట్టాలా వద్దా అని ఒక పూట గడిచింది. వద్దని 2024లో ఆపిల్ వాళ్లే చెప్పారు, బియ్యపు నలకలు లోపల చేరతాయట. సోనామసూరి అయితే పరవాలేదేమో అని ఒకరు సందేహపడ్డారు.

ఈ గొడవల మధ్య ఒక్కరోజు మాత్రం కావ్యభాష పనికిరాలేదు. సెల్లారులో ఎలక్ట్రిక్ స్కూటరు చార్జింగు పెట్టుకోవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో నిప్పంటుకుంది. పొగ మెట్లదారి పట్టి పైకి కమ్ముకుంది. పైన నిద్రకు దిగిన ఎనిమిదిమంది చనిపోయారు. ఆ ఏడాది చివరి నుంచే వాహనాల బ్యాటరీలకు పరీక్షల నిబంధనలు గట్టిపడ్డాయి. ఇది నవ్వే విషయం కాదు, ఇక్కడ భయపడినవాళ్లది తప్పూ కాదు. ఆ రోజు గ్రూపులో అడగాల్సినవి రెండే ప్రశ్నలు: స్కూటర్లకు విడిగా మందపాటి వైరు, బ్రేకరు వేయించామా? సెల్లారు నుంచి పొగ వస్తే మెట్లు తప్ప ఇంకో దారి ఉందా? మొదటిది ఒకరు అడిగారు కూడా. జవాబుగా కరెంటు బిల్లు ఎవరి మీటరులో పడాలన్న చర్చ మొదలై, స్కూటరున్నవాళ్లు, కార్లున్నవాళ్లు అని కులాలు ఏర్పడి, మూడు రోజులు నడిచింది. వైరు సంగతి మూలపడింది. మెట్ల సంగతి ఎవరూ ఎత్తనే లేదు.

గమనించారా, వీరులంతా ఎక్కడ పోరాడుతున్నారో? ఐదు వోల్టుల దగ్గర. కంటికి కనపడని కిరణాల దగ్గర. మరి 230 వోల్టులు తీరిగ్గా కూర్చున్న చోట ఒక్క పిట్ట లేదు. బీ-304 వారి బాత్రూములో బకెట్టులో వేలాడే హీటరు రాడ్డు 1500 వాట్లది. దాన్ని పెట్టింది ఆరు ఆంపియర్ల సాకెట్టులో. లెక్కవేస్తే ఆరున్నర లాగుతుంది. రాడ్డు ఆపకుండా నీళ్లు కాగాయో లేదో వేలు ముంచి చూసేవాళ్లు ఈ నగరంలో ప్రతి శీతకాలం కనిపిస్తారు. వాళ్ల కోసం ఏ దుప్పటి ఫొటో తిరగదు. సీ-101 బాలుడి సంగతి చూడబోతే, గేమింగు కంప్యూటరు, ఏసీ, ఇస్త్రీపెట్టె మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కాపురం చేస్తున్నాయి. వాడి చార్జరు అడ్డరోడ్డు మీద పరిచి అమ్మేవాడి దగ్గర కొన్నది. ఒంటిమీద బీఐఎస్ ముద్ర లేదు, ఆర్‌తో మొదలై ఎనిమిది అంకెలుండే రిజిస్ట్రేషను నంబరు లేదు. ఆ నంబరు నిజమో కాదో చూసుకోవడానికి బీఐఎస్ కేర్ యాప్ ఉందని గ్రూపులో లింకు పెట్టింది కూడా వాడే. ఇక పెద్దబోర్డులో ఉండాల్సిన ఆర్‌సీసీబీ, అంటే 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పితే చాలు రెప్పపాటులో కరెంటు తుంచేసే ప్రాణరక్షకుడు, కొన్ని ఫ్లాట్లలో ఎప్పుడో పదవీచ్యుతుడయ్యాడు. ఊరికే పడిపోతున్నాడని వైరు పక్కదారి పట్టించారు. ఎంసీబీ ఉందిగా అంటారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు.

అన్నిటికన్నా అన్యాయమైపోయింది మూడోపిన్ను. ప్లగ్గుకు శిరస్సులాంటిది, మిగతా రెంటికన్నా లావూ పొడవూ. పొడవెందుకంటే సాకెట్టులోకి అందరికన్నా ముందు చేరి, బయటికి అందరికన్నా వెనక రావాలి. కరెంటు ఉన్నంతసేపూ రక్షణ ఉండాలి గనుక. లావెందుకంటే పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో దూరకూడదు. లోపల ఎక్కడైనా వైరు ఒరిసి మెషిను ఒంటికి కరెంటు పారితే, మనిషి గుండెలోంచి పోవాల్సినదాన్ని తన తలమీద వేసుకుని భూమిలోకి మోసుకుపోతుంది. ఈ మహాత్మురాలిని మనం ఏం చేస్తాం? రెండు చిల్లుల బోర్డులో పట్టడం లేదని కటింగు ప్లయరుతో మెడ కోస్తాం. ప్రబంధంలో ఇంతవరకు స్తుతి లేని లోటు ఇక్కడ తీరుస్తాను. దండకమే తగినది.

శ్రీమన్మహా ఎర్తుపిన్నామణీ! నీవు రెండింటికన్నన్ మహాదీర్ఘమై లావు దేహంబుతో ముందె సాకెట్టులో జొచ్చి, పోవేళ అందర్లొ వెన్కన్ బయల్దేరి, మా ప్రాణముల్ గాచు మాతల్లివే కాని, మావాడు కట్టర్ను చేబట్టి నీ కంఠమున్ త్రుంచివేసెన్ గదా, రెండు రంధ్రాల బోర్డందు దూర్చంగ, నీవేమి అన్లేదు, నీ మీద పోస్టైన లేదొక్కటిన్ గ్రూపులో తల్లి, నీకే నమస్కారమమ్మా నమః!

ఇక మామ్మగారి కథ. వాయిస్ మెసేజీ ఇంకోటి పెట్టారు. దానికీ బొటనవేళ్లే. మూడోది పెట్టలేదు, మెట్లు దిగి వచ్చి వాచ్‌మన్‌తో చెప్పారు. “అమ్మా, మీరు దాన్ని ముట్టకండి, ప్లగ్గు తీసేసి ఉంచండి” అని అతను వీధి చివర మోటారు వైండింగు షాపు పక్కన కూర్చునే ఎలక్ట్రీషియన్ని తీసుకొచ్చాడు. ఎలక్ట్రీషియన్ చేతిలో అస్త్రాలేమీ లేవు. ఒక హోల్డరు, దానికో బల్బు, రెండు వైర్ల తోకలు. టెస్టు ల్యాంపు అంటారు. ఫేజుకూ న్యూట్రలుకూ పెడితే వెలిగింది. ఫేజుకూ ఎర్తుకూ పెడితే వెలగలేదు. మెషిను ప్లగ్గుకు మూడో పిన్ను నిక్షేపంగా ఉంది, సాకెట్టు వెనక ఆకుపచ్చ వైరూ ఉంది. ఆ వైరు కిందికి వెళ్లి భూమిని చేరడం లేదు, అంతే.

అతను షాఫ్టు వెంట సెల్లారుదాకా దిగాడు. ఎర్తు గొయ్యి కనపడలేదు. పార్కింగు టైల్సు వేసినప్పుడు దాన్ని కూడా కలిపి పూడ్చేశారు. జీఐ పట్టీ గోడ దగ్గర తుప్పుపట్టి తెగిపోయి ఉంది. గొయ్యి ఉండాల్సిన చోట బీ-304 వారి కారు ఉంది.

కారు తీయమని వాచ్‌మన్ గ్రూపులో పెట్టాడు. ఎందుకు తీయాలి, ఆ స్లాటు రిజిస్ట్రేషను కాగితాల్లో ఉంది అని సమాధానం. అప్పుడు ఏ-502 పెద్దాయన, అంపశయ్య మీంచి లేచినట్టు, మొదటిసారి సర్వీసు సంగతి లేకుండా రాశారు: “ఎర్తు లేకపోతే ఇది ఒక్క 203 సమస్య కాదు. ఆ రైజరు మీదున్న అన్ని ఫ్లాట్లదీ. ఐఎస్ 3043 చూడండి. గొయ్యిలో పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా వేసి తడి ఉండేట్టు చూడాలి. ఎండాకాలం నీళ్లు పోయాలి. ఇన్నేళ్లలో ఎవరైనా పోశారా?” ఎవరూ పోయలేదు. చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు కూడా. బీ-304 ఆయన చప్పుడు చేయకుండా దిగివచ్చి కారు పక్కకు తీశారు. లుంగీతో వచ్చారు. ఆ ముఖాన్ని గ్రూపులో సగంమంది చూడటం అదే మొదలు.

ఎలక్ట్రీషియన్ ఉప్పు బస్తా, బొగ్గు కావాలన్నాడు. వాచ్‌మన్ ఆ మాట గ్రూపులో వేసిందే తడవు, సైన్యాలు తిరిగి ప్రాణం పోసుకున్నాయి. కల్లుప్పా, అయొడిన్ ఉప్పా? అయొడిన్ వల్ల పైపు తుప్పుపట్టదా? ఉప్పే వద్దు, బెంటొనైటు పొడి వాడాలని సీ-101 లింకు పెట్టాడు. సైంధవ లవణం ఓజోను పొరకు మంచిదని ఎక్కడో చదివినట్టు ఒకరికి గుర్తు. పొద్దుగూకాక డల్లాసు దిగింది, అక్కడ ఇళ్లకు రాగిరాడ్డే కొడతారట, ఉప్పూ బొగ్గూ ఏమిటీ అనాగరికం అన్నది. ఉప్పులోంచి రేడియేషను వస్తుందా అని ఒకరు అడిగి, తరువాత డిలీట్ చేశారు. బూడిదరంగు మరక.

ఈలోగా ఎలక్ట్రీషియన్ మూల కిరాణాకొట్టులో కల్లుప్పు కొన్నాడు, ఇస్త్రీబండి అతని దగ్గర బొగ్గు అడిగి తెచ్చాడు, టైలు పగలగొట్టి, పట్టీ మార్చి, గొయ్యి నింపి, మూడు బకెట్ల నీళ్లు పోసి, పైకి వెళ్లి బల్బు పెట్టి చూశాడు. ఈసారి వెలిగింది. ఆపైన మెషిను వెనక మూత విప్పి, ఒరిసి రాగి బయటపడ్డ వైరును కూడా మార్చాడు. మామ్మగారు కాఫీ ఇచ్చారు.

అతను చీటీ మీద రాసిచ్చిన లెక్కను వాచ్‌మన్ ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. ఉప్పు, బొగ్గు, పట్టీ, వైరు, టైలు, కూలీ. అరనిమిషంలో బీ-304 నుంచి జవాబు వచ్చింది.

“జీఎస్టీ నంబరు లేదేంటి బ్రదర్?”